మా నాయనమ్మ పింఛను తీసుకుంటే పరువు తక్కువా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ నాయనమ్మగారికి 67 ఏళ్ళు. గుంటూరులో పొగాకు గ్రేడింగ్ పనికి ముప్పై ఏళ్ళు వెళ్ళారు. ఆమెకు వృద్ధాప్య పింఛను పెట్టిద్దామని మీరంటే, "కొడుకు చూడటం లేదనుకోరా నలుగురూ" అని మీ నాన్నగారు ఒప్పుకోవడం లేదు. హైదరాబాద్‌లో మీ ఆఫీసు వాళ్ళేమో ఇవన్నీ ఉచితాలు, మన పన్నులతో ఓట్లు కొనుక్కోవడం అంటున్నారు. ఇది దానమా, హక్కా, తీసుకుంటే తప్పా అని అడిగారు.

మండల వ్యవస్థ వచ్చిన కొత్తలో ఉద్యోగంలో చేరి, గుంటూరు జిల్లాలో పలు మండల ఆఫీసుల్లో పనిచేసి, 2018లో సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం పింఛన్ల సీటే చూశాను. పింఛను నెలకు 75 రూపాయలున్న రోజుల నుంచి ఆ కాగితాలు నా చేతిమీదుగా నడిచాయి. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ముందు చట్టం సంగతి. రాజ్యాంగంలో 41వ అధికరణ ఉంది. వృద్ధాప్యంలో, జబ్బులో, అంగవైకల్యంలో ఉన్నవారికి ప్రభుత్వం తన ఆర్థిక స్తోమత మేరకు సాయం చేయాలని అందులో రాశారు. అయితే అది ఆదేశిక సూత్రం. దాన్ని పట్టుకుని కోర్టుకు వెళ్ళి నా పింఛను నాకిప్పించండి అని నేరుగా అడగలేం. దేశం మొత్తానికి వృద్ధాప్య పింఛను 1995 ఆగస్టు 15న మొదలైంది. 65 ఏళ్ళు దాటిన నిరుపేదలకు కేంద్రం ఇచ్చింది నెలకు 75 రూపాయలు. అప్పటి నుంచి ఇప్పటిదాకా అది పథకంగానే ఉంది తప్ప చట్టం కాలేదు. తేడా చూడండి. రేషన్ బియ్యానికి 2013లో ఆహార భద్రతా చట్టం వచ్చింది. అంతకుముందే, 2005లో, ఉపాధి పనికి చట్టం చేశారు. ముసలివాళ్ళ పింఛను మాత్రం జీవోల మీద నడుస్తోంది. జీవో ఇచ్చిన ప్రభుత్వమే దాన్ని మార్చనూ గలదు.

ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, పింఛను గురించి మన జనం మనసులో ఉన్న గందరగోళం చాలావరకు ఇక్కడే పుట్టింది. చట్టం ఇచ్చిన దాన్ని మనిషి "నాది" అంటాడు. నాయకుడు ఇచ్చిన దాన్ని "ఆయన పెట్టాడు" అంటాడు.

నేను పింఛన్ల సీటులో కొత్తగా కూర్చున్న రోజుల్లో మండలానికి ఇన్ని పింఛన్లు అని లెక్క ఉండేది. అర్హులు ఎంతమంది ఉన్నా ఆ లెక్క దాటడానికి వీల్లేదు. తీసుకుంటున్నవారిలో ఒకరు చనిపోతేనే ఇంకొకరికి వచ్చేది. జనం అర్జీలు ఇచ్చే గ్రీవెన్స్ రోజున ఆఫీసు అరుగు మీద ముసలమ్మలు కూర్చుని ఉండేవాళ్ళు. నేను బయటికి రాగానే ఒకామె మెల్లగా అడిగేది, "ఎవరైనా పోయారా అయ్యా?" అని. ఆ మాటలో చెడు ఏమీ లేదు. ఖాళీ వచ్చిందా అని అడుగుతోంది, అంతే. నాలుగేళ్ళు అలా తిరిగింది. చివరికి ఆమె పేరుతో మంజూరు కాగితం వచ్చింది. ఎవరు పోతే వచ్చిన ఖాళీ అది అని చూస్తే, ఆమె తోటికోడలిదే. వేలిముద్ర వేస్తూ ఏడ్చింది. "మా అక్క డబ్బులు నేను తినాలా" అంది. ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం తినలేకపోయాను. పింఛను అంటే చిన్నచూపు ఎందుకు అని ఎవరైనా అడిగితే నాకు ముందు ఆ అరుగే గుర్తొస్తుంది. మనిషిని అన్నాళ్ళు తిప్పి, ఒకరి చావు మీద ఇంకొకరి బతుకు ఆధారపడేలా పెట్టి ఇస్తే, దాన్ని ఎవరు హక్కు అనుకుంటారు?

తర్వాత ఆ పరిమితి పోయింది, పింఛను 200 అయింది. 2014లో 1,000 అయింది, 2019 ఎన్నికల ముందు 2,000. ఆ ఏడాదే ప్రభుత్వం మారాక 2,250 చేసి వయసు 65 నుంచి 60కి తగ్గించారు. అక్కడి నుంచి మెట్లు మెట్లుగా 2024 జనవరికి 3,000 అయింది. ఆ ఏడు మళ్ళీ ప్రభుత్వం మారి 4,000 చేశారు. ఏప్రిల్ నుంచి పెంపు లెక్కగట్టి జులై 1న బకాయితో కలిపి ఒక్కొక్కరికి 7,000 ఇచ్చారు. ముఖ్యమంత్రి స్వయంగా మన తాడేపల్లి మండలం పెనుమాకలో ఒక ఇంటికెళ్ళి మొదలుపెట్టారు. అన్ని రకాల పింఛన్లూ కలిపి అప్పుడు 65 లక్షల మందికి పైగా ఉన్నారు. ఇక కేంద్రం తన వంతుగా 60 నుంచి 79 ఏళ్ళ మధ్యవారికి ఇచ్చేది ఇప్పటికీ నెలకు 200 రూపాయలే. 80 దాటితే 500. మిగతాదంతా రాష్ట్రమే భరిస్తోంది.

పథకం పేరు కూడా మారుతూ వచ్చింది. ఎన్టీఆర్ భరోసా వైఎస్సార్ పెన్షన్ కానుక అయింది, మళ్ళీ ఎన్టీఆర్ భరోసా అయింది. నేను ఏ పార్టీ మనిషినీ కాను, ఏ పార్టీనీ తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. రెండు పార్టీలూ పెంచాయి, ఆ పెంపు ముసలివాళ్ళ కంచంలోకి వచ్చింది, అది నిజం. నా బాధంతా ఆ మాట గురించి. కానుక అంటే ఇష్టమైతే ఇచ్చేది. ఇష్టం లేకపోతే ఇవ్వనిది. విజయవాడ వాంబే కాలనీలో మా బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు పక్కింటి పెద్దాయన నన్ను పక్కకు పిలిచి అడిగారు, "ఓటు వాళ్ళకు వేయలేదని తెలిస్తే పేరు తీసేస్తారా అండీ?" అని. తీసేయరు, ఓటు ఎవరికేశారో ఎవరికీ తెలియదు అని ఎంత చెప్పినా ఆయన ముఖంలో భయం పోలేదు. డెబ్భై రెండేళ్ళ మనిషి, బెజవాడలో సగం మేడలకు సిమెంటు మోసిన మనిషి, నెలకు 4,000 కోసం అలా భయపడాల్సి రావడం నాకు నచ్చలేదు.

ఇప్పుడు మీ ఆఫీసు వాళ్ళ మాటకు వస్తాను. పన్ను మనది, పంచేది వాళ్ళు అంటారు. ఖర్చు చిన్నదేమీ కాదు, ఒప్పుకోవాలి. నెలకు సుమారు 2,700 కోట్లు. అంత డబ్బు గురించి లెక్క అడగడం పౌరుల బాధ్యత. కానీ పన్ను కట్టేది జీతగాళ్ళే అనుకోవడం పొరపాటు. మీ నాయనమ్మ కొనే తలనొప్పి బామ్ మీద, ఒంటి సబ్బు మీద జీఎస్టీ ఉంది. ఆమె ఎక్కే ఆటో పెట్రోలు మీద పన్ను ఉంది. పొగాకు మీద ప్రభుత్వానికి వచ్చే పన్ను ఎంతో మీకు తెలుసు కదా, ఆ ఆకును గ్రేడు చేసింది ఆమె చేతులే.

ఇంకో సంగతి. ఉచితాల మీద సుప్రీంకోర్టులో 2022లో కేసు నడిచింది. అప్పుడు ప్రధాన న్యాయమూర్తి మన కృష్ణా జిల్లాలో పుట్టిన ఎన్.వి. రమణగారు. ఉచితాలు వేరు, సంక్షేమ పథకాలు వేరు అని విచారణలోనే అన్నారు. టీవీ ఇచ్చినదీ, పనిచేయలేని వయసులో మందులకు డబ్బు ఇచ్చినదీ ఒకే గాటన కట్టకూడదు.

మేం రిటైర్డ్ ఉద్యోగులం ఏటా డిసెంబర్ 17న పెన్షనర్ల దినం జరుపుకుంటాం. 1982లో అదే రోజున నకారా అనే రిటైర్డ్ ఉద్యోగి వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పెన్షన్ యజమాని దయతో ఇచ్చే బక్షీసు కాదు, చేసిన సేవకు ప్రతిఫలం, ముసలితనంలో మనిషిని నడిరోడ్డు మీద వదిలేయకుండా ఉండటానికి పెట్టిన సామాజిక న్యాయం అని చెప్పింది. ప్రతి సభలోనూ ఆ తీర్పు చదువుతాం, చప్పట్లు కొడతాం. ఆమధ్య అలాంటి సభ అయ్యాక టీ తాగుతుంటే నాతో కలిసి పనిచేసిన ఒకాయన, "ఈ ముసలాళ్ళకు నాలుగు వేలు పంచి రాష్ట్రాన్ని ముంచుతున్నారు, మన డీఏ మాత్రం ఇవ్వరు" అన్నారు. ఆయనంటే నాకు గౌరవం, కానీ ఊరుకోలేకపోయాను. "మనం పెన్షన్ కోసం జీతంలోంచి ఒక్క రూపాయి కట్టామా సార్?" అని అడిగాను. 2004 సెప్టెంబర్‌కు ముందు చేరినవాళ్ళం, కట్టలేదు. "మనకు చేసిన పనికి ప్రతిఫలం అయినప్పుడు, మిర్చి యార్డులో నలభై ఏళ్ళు బస్తాలు మోసినవాడికి దానం ఎట్లా అవుతుంది? వాడిది పని కాదా?" అన్నాను. ఆయన జవాబివ్వలేదు. ఆ తర్వాత నెల ఫోన్ చేసి, తన ఇంట్లో పనిచేసే ఆమె తల్లికి పింఛను ఎందుకు ఆగిందో కనుక్కోమని అడిగారు. కనుక్కున్నాను.

మనవాళ్ళ మాటల్లోనే ఒక తేడా ఉంది, గమనించారా? మాలాంటివాళ్ళకు వచ్చేది "పెన్షన్". మీ నాయనమ్మలాంటివాళ్ళకు వచ్చేది "పింఛను". మాట ఒకటే. ఒకటి చెప్పేటప్పుడు గొంతు నిటారుగా ఉంటుంది, రెండోది చెప్పేటప్పుడు కాస్త వంగుతుంది. గుంటూరు మిర్చి యార్డు చుట్టూ, కోల్డ్ స్టోరేజీల్లో తొడిమలు తీసే ఆడవాళ్ళకు, పత్తి మిల్లుల్లో, ఇళ్ళ కట్టుబడిలో పనిచేసినవాళ్ళకు పీఎఫ్ కట్టినవారు ఎందరు? రోజుకూలి ఇచ్చారు, పని అయిపోయింది. వాళ్ళ ముసలితనం కోసం ఎవరూ ఒక్క పైసా పక్కన పెట్టలేదు. తక్కువ కూలి వల్ల మనకు వస్తువు చౌకగా దొరికింది, యజమానికి లాభం మిగిలింది. అప్పుడు కట్టని డబ్బును ఇప్పుడు అందరం కలిసి పన్ను రూపంలో కడుతున్నాం. నేను ఈ పింఛనును అలాగే చూస్తాను, మీరూ అలాగే చూడమంటాను.

పల్లెల్లో రైతులు ఇంకో మాట అంటారు. పింఛన్లు ఇచ్చాక మిరపకోతకు కూలీలు రావడం లేదని. రైతు కష్టం నాకు తెలుసు, మా అన్నదమ్ములు వ్యవసాయమే చేస్తారు. కానీ కోత రోజుల్లో ప్రత్తిపాడు వైపు పొద్దున్నే ఆటోల్లో ఎవరు వెళ్తున్నారో ఒకసారి చూడండి. పింఛను తీసుకునే ఆడవాళ్ళు ఎంతోమంది ఇంకా కోతకు వెళ్తూనే ఉన్నారు. మోకాళ్ళు సహకరించని రోజున మానేస్తున్నారు. ఆ ఒక్క రోజు మానేయగలిగే స్వేచ్ఛ 4,000తో వచ్చింది. దాన్ని సోమరితనం అనడం అన్యాయం.

అనర్హులు లేరా అంటే, ఉన్నారు. ఆధార్‌లో వయసు పెంచుకున్నవాళ్ళను, లేని వైకల్యానికి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్ళను నేను నా కళ్ళతో చూశాను. వాళ్ళను ఏరివేయాల్సిందే. కానీ ఏరివేత పేరుతో మంచం దిగలేని మనిషిని మళ్ళీ ఆస్పత్రి వరండాలో నిలబెట్టడం మొదలైతే, దొంగ ఎలాగో తప్పించుకుంటాడు, నిజమైనవాడు ఆ లైన్లో పడిపోతాడు.

ఇచ్చే పద్ధతిని బట్టి మర్యాద ఉంటుందన్నది నాకు ఇన్నేళ్ళలో బాగా తెలిసొచ్చిన విషయం. 2020 ఫిబ్రవరి నుంచి వాలంటీర్లు ఇంటికి తెచ్చి ఇచ్చారు. ఒకటో తారీఖు తెల్లవారకముందే తలుపు తట్టి, "మామ్మా, వేలు పెట్టు" అనేవాళ్ళు. అంతకుముందు పంచాయతీ ఆఫీసు ముందు పడిగాపులు కాసినవాళ్ళకు అది ఎంత పెద్ద మార్పో చెప్పలేను. 2024 ఎన్నికల సమయంలో వాలంటీర్లను పక్కన పెట్టమని ఎన్నికల సంఘం చెప్పింది. ఏప్రిల్‌లో గ్రామ, వార్డు సచివాలయాలకు రమ్మన్నారు, మే నెలలో చాలామందికి బ్యాంకుల్లో వేశారు. ఆ ఎండలు మీకు తెలుసు. మా వీధి చివర ఉండే పెద్దావిడ ఆటోకు 80 రూపాయలు పెట్టి బ్యాంకుకు వెళ్తే, ఖాతా చాలాకాలంగా వాడలేదు, ఆధార్ కాగితాలు మళ్ళీ ఇవ్వండి అన్నారు. రెండోసారి వెళ్తే ఏవో చార్జీల కింద కొంత కోసుకున్నారు. ఆమె ఎవరినీ తిట్టలేదు. "నాకు వద్దులే బాబూ ఈ డబ్బులు" అంది. పక్కన నిలబడి విన్నాను. హక్కును వదులుకోవడం ఆ మాటతోనే మొదలవుతుంది. అదే ఏడాది జులై నుంచి సచివాలయం సిబ్బంది మళ్ళీ ఇళ్ళకు వస్తున్నారు, అది మంచి పని.

వేలిముద్రల గోడు వేరే. ఏళ్ళ తరబడి మిరపకాయలు ముట్టిన వేళ్ళకు గీతలు అరిగిపోతాయి. పది వేళ్ళూ పెట్టి చూసి, తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టి, మెషీన్ ఒప్పుకోక వెనక్కి పంపినవాళ్ళు నా హయాంలోనే ఎందరో. పని చేసినందుకు పడిన గుర్తే పింఛనుకు అడ్డం వచ్చింది. ఇప్పుడు ముఖం చూపించినా సరిపోయే పద్ధతి ఉంది. మీ నాయనమ్మగారికి ఆ ఇబ్బంది ఉంటే ముందే అడగండి.

పరువు సంగతికి వస్తాను. మన దగ్గర పింఛను పేదలకు మాత్రమే. అందుకే తీసుకోవడం అంటే నేను పేదవాణ్ణి అని నలుగురి ముందు ఒప్పుకోవడం అవుతోంది. న్యూజిలాండ్‌లో 65 దాటి, ఆ దేశంలో తగినన్నేళ్ళు ఉంటే, ఆస్తి ఎంత అని చూడకుండా అందరికీ ఇస్తారు. అంత దూరం ఎందుకు, మన పక్కనున్న నేపాల్ మన 75 రూపాయల రోజుల్లోనే 75 ఏళ్ళు దాటిన ప్రతి మనిషికీ నెలకు 100 నేపాలీ రూపాయలు మొదలుపెట్టింది. ఆదాయం ఎంత అని అడగలేదు. అందరూ తీసుకునే చోట సిగ్గు ఎవరికి ఉంటుంది? బ్రిటన్ 1908లో చట్టం చేసి 70 దాటిన పేదలకు వారానికి 5 షిల్లింగులు ఇచ్చింది. కష్టపడి పనిచేయనివాళ్ళకు ఇవ్వం అని ఆ చట్టంలోనే రాశారు. కానీ డబ్బు ఇచ్చింది మాత్రం బీదల శరణాలయంలో కాదు, పోస్టాఫీసులో. నలుగురూ వెళ్ళే చోట ఇవ్వడం వల్ల ముసలివాళ్ళు తల ఎత్తుకుని వెళ్ళారు.

మీ నాన్నగారితో మాట్లాడేటప్పుడు కొడుకు చూడటం, ప్రభుత్వం ఇవ్వడం రెండూ ఒకదానికొకటి పోటీ కాదని చెప్పండి. చూడని కొడుకులకు వేరే చట్టం ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గర కేసు వేసి నెలకు 10,000 దాకా ఇప్పించుకోవచ్చు. పింఛను దానికి సంబంధించింది కాదు. నేను చూసిన ఇళ్ళలో పింఛను వచ్చాక తల్లికి గౌరవం పెరిగింది తప్ప తగ్గలేదు. షుగరు మాత్రలు తనే కొనుక్కుంటుంది. మనవడికి పది రూపాయలు ఇస్తుంది. కూతురు పుట్టింటికి వస్తే రవిక గుడ్డ పెడుతుంది. ఎవరి దగ్గరా చేయి చాచకుండా పెట్టగలగడం ఆ వయసులో పెద్ద సంతోషం.

అర్హత మాత్రం ముందు నిజాయితీగా చూసుకోండి. కుటుంబ ఆదాయం పల్లెల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000 దాటకూడదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాల లోపు ఉండాలి. కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదు. పట్టణంలో 1,000 చదరపు అడుగులకు మించిన ఆస్తి ఉండకూడదు. కారు ఉండకూడదు, ఆటో, ట్యాక్సీ, ట్రాక్టర్ ఉంటే పర్వాలేదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి గానీ, పెన్షనర్ గానీ, ఇన్‌కమ్ టాక్స్ కట్టేవారు గానీ ఉండకూడదు, పారిశుధ్య కార్మికులకు మినహాయింపు ఉంది. మీరు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ టాక్స్ కడుతుంటే, మీ పేరు ఇంకా నాయనమ్మగారి రైస్ కార్డులోనే (రేషన్ కార్డు) ఉంటే, కంప్యూటర్ అక్కడే ఆపేస్తుంది. దాన్ని దాటడానికి కార్డులో పేర్లు ఉత్తుత్తిగా విడదీయమని మీకు ఎవరైనా సలహా ఇస్తారు. వినకండి. నిజంగా విడిగా కాపురం ఉంటే అది వేరే సంగతి. వివరాలు మీ వార్డు సచివాలయంలో వెల్ఫేర్ సెక్రటరీ దగ్గర దొరుకుతాయి. కొత్త దరఖాస్తులు ఎప్పుడు తీసుకుంటారో కూడా అక్కడే తెలుస్తుంది.

ఇంకొకటి అడగండి. ఆ ముప్పై ఏళ్ళలో ఎప్పుడైనా పీఎఫ్ పట్టారా అని. 1995 నవంబర్ తర్వాతి సర్వీసుతో కలిపి పదేళ్ళు పీఎఫ్‌లో ఉంటే ఈపీఎస్ పెన్షన్, అంటే పీఎఫ్ ఉన్న కార్మికులకు వచ్చే పెన్షన్, వచ్చే అవకాశం ఉంది. 2014 నుంచి దానికి కనీసం 1,000 రూపాయలని నిర్ణయించారు. తక్కువే, దాన్ని 7,500 చేయమని ఆ పెన్షనర్లు ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. అయినా అది ఆమె చెమట డబ్బు, వదలకూడదు. పాత ట్రంకు పెట్టెలో చీటీలు ఉంటాయి, ఒక ఆదివారం కూర్చుని వెతకండి. వెతికేటప్పుడు ఆమెను పక్కన కూర్చోబెట్టుకోండి, ఏ కంపెనీలో ఏ ఏడు పనిచేసిందో ఆమే చెబుతుంది.

ఇవన్నీ చూశాక అర్హత లేదని తేలితే, ప్రతి నెలా ఒకటో తారీఖున ఆ 4,000 మీరే ఆమెకు పంపండి. ఇంటి ఖర్చులో కలపకుండా, ఆమె చేతికే ఇవ్వమని నాన్నగారికి చెప్పండి. దేనికి ఖర్చు పెట్టావు నాయనమ్మా అని మాత్రం అడగకండి.